ఇరవైతొమ్మిదిని ఓడించిన ఇరవై

ఆస్ట్రేలియా అనే దేశానికి దేశమే కూడికలు రాని దేశమని తేల్చేసి, ఆ ధీమాతో తన యజమాని ప్రాణంలా దాచుకున్న దాన్ని బందరు ప్లీడరు చేతిలో పెట్టించిన మేధావిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. ఇప్పుడు నా నెత్తిమీద వెంట్రుకలు లెక్కపెట్టడానికి వీలుగా మిగిలాయి గాని, అప్పట్లో వాటికంటే పొగరే ఒత్తుగా ఉండేది.

యుద్ధం రోజులవి. బెజవాడలో రత్నయ్య గారి బట్టల కొట్లో నేను గుమాస్తాని. నా చదువు ఐదో తరగతి దగ్గరే నన్ను చూసి విసుగెత్తి ఆగిపోయింది. లెక్కలు మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను. ఏడుంబావు గజాల గుడ్డకు అణాపైసలతో సహా ఎంతవుతుందో కాగితం ముట్టకుండా చెప్పేవాణ్ణి. చెప్పి ఊరుకుంటే బాగుండేది. చెప్పాక, కొన్నవాళ్ళ మొహాల్లో ఆశ్చర్యం కనిపించేదాకా గుడ్డ చేతికిచ్చేవాణ్ణి కాదు. పెళ్ళివారి ముందు కూర్చున్న సంగీత విద్వాంసుడు కూడా అంత బిగుసుకుని ఉండడు.

రత్నయ్య గారికి స్టాంపుల పిచ్చి. ఆయన ఆల్బంలో ఒక పుట బర్మాది. రంగూనులో కొట్టు పెట్టిన ఆయన తమ్ముడు రాసిన ఉత్తరాల మీది స్టాంపులవి. బాంబులు పడ్డప్పుడు ఆ తమ్ముడు అందరితో కలిసి కాలినడకన బయల్దేరి, దారిలోనే పోయాడు. ఉత్తరాలు ఎప్పుడో చెదలు తిన్నాయి. మిగిలింది ఆ పుట ఒక్కటే. షావుకారు గారు రోజూ కొట్టు కట్టేసే ముందు ఒకసారి దాన్ని తెరిచి చూసి, మళ్ళీ మూసేవారు.

బందరులో శేషగిరి గారని ప్లీడరు. ఆయనదీ ఇదే పిచ్చి. ఒక ఆదివారం రత్నయ్య గారు నన్ను వెంటబెట్టుకుని ఆయనింటికి వెళ్ళారు. ఆల్బం మోయడానికి తీసుకెళ్ళారు. నేను మాత్రం సలహాదారుగా వెళ్ళాననుకున్నాను.

ప్లీడరు గారి బల్లమీద ఒక కొత్త స్టాంపు ఉంది. వెనక జిగురు, అంచుల్లో పళ్ళు, అన్నీ ఉన్నాయి. లాగూ తొడుక్కున్న దొర ఒకడు కోలగా ఉన్న బంతిని తంతున్నాడు. వెనక నాలుగు గుంజలు.

"ఎక్కడిదండీ ఇది?" అన్నారు రత్నయ్య గారు.

"గన్నవరం విమానాల మైదానం భూముల పనిమీద వెళితే అక్కడి ఆస్ట్రేలియా కుర్రాడొకడు ఇచ్చాడు. వాళ్ళ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకి యాభై ఏళ్ళు నిండాయిట. పారేయలేక ఉంచాను."

బొమ్మ కింద రెండు జట్ల పేర్లు, అంకెలు. మొదటి జట్టుకి 11, 9, ఆ పక్కన 75. రెండోదానికి 9, 20, ఆ పక్కన 74. మొదటి జట్టే గెలిచిందని ఇంగ్లీషులో ఉందని షావుకారు గారు చదివి చెప్పారు.

నా గుండె ఆగినంత పనైంది. పదకొండూ తొమ్మిదీ ఇరవై. వీళ్ళు డెబ్భై అయిదు అచ్చేశారు. తొమ్మిదీ ఇరవై ఇరవైతొమ్మిది. వీళ్ళు డెబ్భై నాలుగన్నారు. పైగా ఇరవై వచ్చినవాడు ఇరవైతొమ్మిది వచ్చినవాణ్ణి ఓడించాట్ట. అచ్చుతప్పు పడ్డ స్టాంపు కోసం ప్రపంచమంతా కొట్టుకు చస్తుందని షావుకారు గారి దగ్గరే విని ఉన్నాను. ఇందులో ఒకటి కాదు, రెండు. ఇంకాస్త వంగి చూస్తే స్టాంపు మీద వెల వెయ్యడం కూడా మర్చిపోయారు. మూడు.

ఎవరినైనా అడగొచ్చుగా అంటారేమో. లెక్క తెలిసినవాడు ఇంకొకణ్ణి అడగడమా? అంకెలకు భాషతో పనేముందన్నది అప్పటి నా సిద్ధాంతం. షావుకారు గారి చొక్కా పట్టుకుని వరండాలోకి లాక్కెళ్ళాను.

"ఎలాగైనా దాన్ని సంపాదించండి. ఆయన చూసుకోలేదు."

"ఏమిటయ్యా చూసుకోనిది?"

చెప్పాను. ఆయన వేళ్ళమీద కూడి చూసుకున్నారు. ఇరవయ్యే వచ్చింది.

"అయితే ఏమివ్వమంటావు? ఆయన కన్ను ఎప్పటినుంచో బర్మా పుట మీద ఉంది."

"ఇచ్చెయ్యండి."

"ఆ పుటలో మా తమ్ముడున్నాడు సూర్యం."

ఇక్కడ ఆ సూర్యం అనే పెద్దమనిషి ఏమన్నాడో వినండి. "ఈ స్టాంపు అమ్మితే బర్మా స్టాంపులు ఎన్ని కావాలంటే అన్ని కొనుక్కోవచ్చండీ. ఒక పుట పోతే పది పుటలొస్తాయి." చచ్చిపోయిన తమ్ముణ్ణి పదితో హెచ్చవేసి చూపించిన మనిషిని ఏమనాలో నాకిప్పటికీ తెలియదు. ఆ రోజు మాత్రం నా తెలివికి నాకే ఒళ్ళు పులకరించింది.

మేం లోపలికొచ్చి బేరం చెబితే ప్లీడరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "దీనికి అదా? ఆలోచించుకోండి రత్నయ్య గారూ. ఇదేం విలువైంది కాదు."

ప్లీడర్ల మాటలు నాకు తెలియవా అన్నట్టు షావుకారు గారి మోచెయ్యి గిల్లాను. పుట ఇటునుంచి అటు వెళ్ళింది. తిరుగు రైల్లో, గుడివాడ దాటేవరకూ, ఆస్ట్రేలియావాళ్ళు తమ పిల్లలకి ఏం చదువు చెబుతున్నారో అని నేను జాలిపడుతూనే ఉన్నాను.

వారం తిరక్కుండా కొట్లోకి ఒక దొర వచ్చాడు. చామంతిపువ్వు రంగు జుట్టు, ఎండకు కమిలిన ముక్కు. తల్లికి పంపడానికి చీర కావాలన్నాడు. మాటల్లో ఆస్ట్రేలియా అని తేలింది. రత్నయ్య గారు గల్లాపెట్టె వెనకనుంచి స్టాంపు తెచ్చి చూపించారు.

"ఇది మా క్లబ్బుదే. ఒక ప్లీడరుకి నేనే ఇచ్చాను," అన్నాడు దొర. షావుకారు గారికి స్కూలు ఫైనలు ఇంగ్లీషు ఉంది కనుక ఆయన అడుగుతూ, నాకు తెలుగులో చెబుతూ వచ్చారు.

"వీళ్ళకి కూడిక రాదని చెప్పండి," అన్నాను నేను.

ఆయన చెప్పారు, పాపం, మర్యాదగా. దొర నావైపు చూశాడు. తర్వాత కొట్లోని తానులవైపు చూశాడు. రెండు పొడుగు తానులు మధ్యలో, రెండు పొట్టివి చెరో పక్కన నిలబెట్టమన్నాడు. నిలబెట్టింది ఎవరనుకున్నారు? గుమాస్తాని, నేనే. దొర నాలుగు తువ్వాళ్ళు చుట్టి, గుమ్మడికాయకు తక్కువా దోసకాయకు ఎక్కువా అయిన ఉండ చేసి, కాలితో తన్నాడు. అది పొడుగు తానుల మధ్యనుంచి వెళ్ళి గోడకు తగిలింది.

"ఆరు," అన్నాడు.

ఉండ తెచ్చిచ్చాను. రెండోసారి అది పొడుగు తానుకీ పొట్టి తానుకీ మధ్య పడింది.

"ఒకటి."

"గురి తప్పినా ఒకటిస్తారా?" అన్నారు రత్నయ్య గారు.

"ఇస్తారు. మా తాతగారు పశువుల మేతబీట్లో మొదలుపెట్టిన క్లబ్బిది. దాని చరిత్రంతా ఆ ఒకటిలోనే ఉంది. ఆఖరి తన్ను మా నాన్నది. గురి తప్పాడు, మేం ఒకదానితో గెలిచాం. అందుకే బొమ్మలో ఆయన్ని వేశారు."

పదకొండు ఆర్లు, దానిమీద తొమ్మిది. తొమ్మిది ఆర్లు, దానిమీద ఇరవై. నాకు అక్కడే అర్థమైంది. అర్థం కానట్టు నిలబడ్డాను.

"మరి వెల వెయ్యలేదేం?" అన్నాను, ఆ ఒక్క తప్పయినా దక్కుతుందేమోనని.

"ఇది తపాలా స్టాంపు కాదు. పండగ గుర్తుగా క్లబ్బువాళ్ళు అచ్చేసుకున్నారు. కవరు వెనక అంటించుకోవడానికి."

దొర చీర పొట్లం కట్టించుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు కొట్టు కట్టేసే ముందు షావుకారు గారు అలవాటుగా ఆల్బం తీశారు. పుట ఉండాల్సిన చోట వేలు పెట్టి కాసేపు ఉంచి, మూసేశారు. నన్ను నాలుగు తిట్లు తిట్టేసినా బతికిపోయేవాణ్ణి.

ఆదివారం మళ్ళీ బందరు. దార్లో, "మీరు ఊరుకోండి, నేను మాట్లాడతాను," అన్నాను. సిగ్గు అనేది మనిషికి ఇంత ఆలస్యంగా వస్తుందని నాకప్పుడు తెలియదు.

"ప్లీడరు గారూ," అని మొదలుపెట్టాను, "ఈ స్టాంపు మేమనుకున్నదానికంటే గొప్పది. అయినా మీమీద గౌరవంతో మా షావుకారు గారు దీన్ని మీకే తిరిగిచ్చేసి, పాత పుటతోనే సరిపెట్టుకుందామని..."

"అంత గొప్పదాన్ని నేను తీసుకోవడం న్యాయం కాదండీ. మీ దగ్గరే ఉండనివ్వండి," అన్నారాయన.

నా తెలివి అక్కడితో సరి. అప్పుడు రత్నయ్య గారు మెల్లిగా, "ఆ పుటలో మా తమ్ముడున్నాడు శేషగిరి గారూ," అన్నారు.

ప్లీడరు గారు లేచి వెళ్ళి పుట తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. "ఈ మాట ఆ రోజే అనాల్సింది. ముట్టుకునేవాణ్ణి కాదు." ఆమాత్రం మాటకి నా లెక్క అక్కర్లేకపోయింది. ఏ ఎక్కమూ అక్కర్లేకపోయింది.

అంతటితో వదిలితే ఆయన ప్లీడరెలా అవుతారు? కొట్లో జరిగిందంతా షావుకారు గారి చేత చెప్పించుకుని, నావైపు తిరిగి, "ఆ దొర లెక్కేదో మాక్కూడా ఒకసారి చెప్పు నాయనా. ఎలా వచ్చింది?" అన్నారు.

పోయిన పరువు కాస్తయినా తిరిగొచ్చే అవకాశం. గొంతు సవరించుకున్నాను. "పదకొండు ఆర్లు అరవై ఆరు. అరవై ఆరూ తొమ్మిదీ డెబ్భై ఆరు."

ప్లీడరు గారు వేళ్ళు మడిచి చూసుకుని, "ఒకటి ఎక్కువొచ్చిందే," అన్నారు.

"అది సరైనదేనండీ," అన్నారు రత్నయ్య గారు, పుటమీంచి తలెత్తకుండా. "గురి తప్పితే ఒకటిస్తారు. మావాడు తనది కూడా కలుపుకున్నాడు."

ఆ రోజు బందరు స్టేషను ప్లాట్‌ఫారం మీద నిలబడి, తూర్పు దిక్కుకి దణ్ణం పెట్టి ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో ఏ పరదేశపు ఆట అంకెలూ, ఒక్కొక్కదానికి ఎంతో ఆ దేశస్థుణ్ణి అడగకుండా కూడను, అచ్చులో తప్పు కనబడితే ముందు నా కళ్ళు తుడుచుకుంటాను. ప్రతిజ్ఞ నేటికీ నిలబెట్టుకున్నాను. మా కొట్టుకి ఆస్ట్రేలియావాళ్ళు మళ్ళీ రాకపోవడం కూడా అందుకు కొంత కారణమే.