జొన్నరొట్టె మీద అయోడిన్ చుక్క

నా టిఫిన్ డబ్బాలోంచి పోయినవి ఒక ఇడ్లీ, సగం ఆలుగడ్డ, మూడు రొట్టె ముక్కలు. తీసుకున్నది అబిడ్స్‌లో మా ఆఫీసు కింద జిరాక్స్ దుకాణం నడిపిన రిటైర్డ్ సైన్స్ టీచరమ్మ. మాతో భోంచేస్తూ, ఎవరి ముక్క మీదనైనా అయోడిన్ చుక్క వేసేది. నల్లగా, నీలంగా మారితే పిండిపదార్థం ఉన్నట్టు.

షుగర్ వచ్చాక నేను అన్నం మానేశాను. జొన్నరొట్టెలో పిండిపదార్థం సున్నా అని నేనే లెక్క తేల్చుకుని, రోజూ నాలుగు తినేవాణ్ణి. ఆమె చుక్క వేసింది. రొట్టె నల్లబడింది.

"గిండ్ల గూడ ఉన్నది సారూ. నాలుగు తింటే షుగరెట్ల తగ్గుతది?"

"మీ మందు పాతదై ఉంటది, దేని మీద వేసినా నల్లబడతది" అన్నాను.

కీరదోస ముక్క మీద వేసింది. నల్లబడలేదు. "ఇప్పుడన్నా ఔ అనుండ్రి."

నేను డబ్బా మూశాను.

తర్వాత ఆమె దుకాణం ఎత్తేసి కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ఇప్పుడు రెండే తింటున్నాను. ఆమెకు ఒక్క 'ఔ' ఇంకా బాకీ.