వంకీ ఉలి

కనొమాటా తొకుజో ఘనకార్యాలు చెప్పమంటే మా నరుకో వీధిలో ఎవరైనా చెబుతారు. ఎవరూ అడక్కపోతే ఆయనే చెబుతాడు. కొండబడిలో తొమ్మిదేళ్ళు చదివి, పదిహేనో ఏట తండ్రి తరిణె ముందు కూర్చున్నవాడు అరవై ఒక్క ఏళ్ళుగా లేవలేదు. తిరిగే కర్రకు ఉలి ఆన్చి ఆయన తీసిన కొకేషి చెక్కబొమ్మలు ముప్ఫై వేల పైచిలుకు. పోటీల్లో మూడుసార్లు మొదటి బహుమతి. పెద్ద భూకంపం వచ్చిన ఏడాది అరల్లోని బొమ్మలన్నీ దొర్లి నేల మీద పడితే ఒక్కదానికి కూడా మెడ ఊడలేదు. వీటన్నిటినీ మించిన గొప్ప ఇంకొకటి ఉంది. కొట్టులో కొన్న ఉలి ఆ ఇంటి గడప తొక్కలేదు. ప్రతి ఉలినీ పెరటి కొలిమిలో ఆయనే సాగగొట్టుకున్నాడు.

ఇంతటివాడికి ఆ నవంబరు నెలలో పెద్ద చిక్కే వచ్చిపడింది. తెచ్చిపెట్టుకున్నదీ ఆయనే.

ఆ నెలలో ఒకరోజు తైవాన్ నుంచి షుచిన్ అనే అమ్మాయి వచ్చింది. ముప్ఫై ఐదేళ్ళుంటాయి. అక్కడ తనూ తరిణె పట్టి చెక్క కానుకలు చేసి అమ్ముకుంటుంది. జపాన్ భాష బాగానే మాట్లాడుతుంది. పదిరోజుల్లో మూడు ఊళ్ళు తిరిగి పనిముట్లు కొనుక్కుని, ఆ బరువు సంచీతో తొకుజో పని చూద్దామని వచ్చింది. ఉలులు, రంపాలు, సానరాళ్ళు చాప మీద పరిచి, "ఎలా ఉన్నాయి గురువుగారూ?" అని అడిగింది.

"మెరుస్తున్నాయమ్మా. నా బొమ్మలు మెరుపుతో మాట్లాడవు గానీ, మెరుస్తున్నాయి" అన్నాడు తొకుజో.

ఆ అమ్మాయి నవ్వి, వెళ్ళబోయే ముందు రెండు చేతులతో ఒక చిన్న పెట్టె అందించింది. కర్పూరం చెట్టు చెక్కతో తను స్వయంగా చేసింది. ఎక్కడా మేకు లేదు. మూత కిందికి దిగుతుంటే లోపలి గాలి మెల్లగా నిట్టూర్చింది. తొకుజో దాన్ని మూడుసార్లు తీసి మూడుసార్లు మూశాడు. అంత పనితనం చేతిలో పెట్టినవాళ్ళకు బదులు కానుక ఇవ్వకపోతే మనిషి పుట్టుకే కాదు. అందుకని ఆయన భార్య మిత్సుయో లోపలినుంచి ఒక కొకేషిని కాగితంలో చుట్టి తెచ్చింది కూడా.

"బొమ్మలు వీధి పొడుగునా అమ్ముతారు, అది పక్కన పెట్టు" అని, తొకుజో గోడనున్న ఉలుల వరసలోంచి వంకీ ఉలి తీసి, గుడ్డలో చుట్టి ఆ అమ్మాయి చేతిలో పెట్టాడు. "ఇది ఏ కొట్టులోనూ దొరకదు. నేనా, రేపు టిఫిను చేసేలోగా ఇంకోటి కొట్టేస్తాను."

షుచిన్ నడుం వంచి దణ్ణం పెట్టింది. మిత్సుయో మాత్రం కాగితపు పొట్లాన్ని గుండెకు హత్తుకుని అలాగే నిలబడిపోయింది. ఎందుకంటే ఆ ఇంట్లో ఉన్న వంకీ ఉలి అదొక్కటే.

మా నరుకో బొమ్మకు తల తిప్పితే కీచుమని అరవాలి. మెడగుంట మూతి ఇరుకుగా, లోపల వెడల్పుగా ఉండి, తల అందులో బిగిస్తేనే ఆ అరుపు. ఇరుకు మూతిలోంచి దూరి లోపలి గోడను తొలిచేది వంకీ ఉలి ఒక్కటే. మూడోనాడు పొద్దుటికల్లా మా ఊరి చిదా కోసాకు ఇంటికి ఒక బొమ్మ ఇవ్వాలి. ఆయన మనవరాలు పుట్టి నెలయింది. ఆ రోజు పది గంటలకు పిల్లను గుడికి తీసుకెళ్తున్నారు. పుట్టిననాడు పిల్ల ఎంత పొడుగుందో బొమ్మా అంతే పొడుగుండాలి, నలభై తొమ్మిది సెంటీమీటర్లు. కొడుకు పెళ్ళినాడు కోసాకు తన కొండ మీద నరికించి మూడేళ్ళు ఆరబెట్టిన తెల్లటి మిజుకి చెట్టు కర్రలో అంత లావు దుంగ ఒక్కటే తేలింది. ఒళ్ళు తయారు, తల తయారు. మెడగుంట ఒక్కటే బాకీ. చెడితే ఆ చెట్టు మళ్ళీ రాదు.

"పక్కింటి వాళ్ళనడిగితే?" అంది మిత్సుయో మర్నాడు పొద్దున్నే.

"పక్కవాడి ఉలి అడగడమూ పక్కవాడి పళ్ళసెట్టు అడగడమూ ఒకటే. వాడి చెయ్యి వేరు, నా చెయ్యి వేరు. పైగా చీకటి పడేలోగా వీధంతా నవ్వుతుంది. నువ్వు బొగ్గులు చూడు."

కొలిమి రాజేశాడు. ఉక్కు ముక్కలు రెండే మిగిలాయి. మొదటిది సాగగొట్టి, కొస వంచి, ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచాడు. నీళ్ళు బుస్సుమన్నాయి. ఆ బుస్సు అడుగున సన్నగా "టింగ్" మని ఇంకో చప్పుడు. పైకి తీసి వేలితో తడిమితే వంకీ మెడలో వెంట్రుకంత బీట.

ఆ బీట ఎందుకొచ్చిందో తొకుజోకు తెలుసు. ఉక్కు మరీ కాలింది. రెండేళ్ళుగా మంట ఆయనకు మంటలా లేదు. అంతా మంచు పట్టిన అద్దంలోంచి చూసినట్టు, ఎరుపూ నారింజా పసుపూ ఒకటే ముద్ద. అందుకే పోయినేడు రెండో వంకీ అరిగిపోయినా కొత్తది కొట్టకుండా వాయిదా వేస్తూ వచ్చాడు. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, తనకు తాను కూడా గట్టిగా చెప్పుకోలేదు.

"బొగ్గులు మంచివి కావు" అన్నాడు పైకి.

"నలభై ఏళ్ళుగా అదే కొట్టు బొగ్గులు" అంది మిత్సుయో. "ఆ అమ్మాయి రైలు పన్నెండున్నరకట. స్టేషను ఆరు నిమిషాలు. చెబుతున్నానంతే."

"ఇచ్చిన కానుక తిరిగి అడగమంటావా? దానికన్నా ఆ తరిణెలో నా తల పెట్టి తిప్పు."

"ఖాళీదైతే తేలిగ్గా తిరుగుతుంది."

పన్నెండుంపావుకు తొకుజో చెప్పులేసుకున్నాడు. సిగరెట్లకు వెళ్తున్నానన్నాడు. సిగరెట్లు మానేసి పదకొండేళ్ళయింది.

దారంతా మాటలు కూర్చుకున్నాడు. 'అమ్మా, దానికి కొంచెం సాన పెట్టాల్సి ఉంది...' కాదు. 'అమ్మా, పొరపాటున వేరేది ఇచ్చాను...' అదీ కాదు. డెబ్బై ఆరేళ్ళ మోకాళ్ళు మెట్లు ఎక్కుతుంటే నోట్లో అబద్ధాలు ఒకదాని వెనక ఒకటి రాలిపోయాయి. ప్లాట్‌ఫారం మీద షుచిన్ బరువు సంచీ పక్కన నిలబడి ఉంది. పనిముట్లన్నీ సంచీలో ఉన్నాయి. వంకీ ఉలి మాత్రం, చుట్టిన గుడ్డతో సహా, ఆమె చంకలో ఉంది.

"గురువుగారూ! నన్ను సాగనంపడానికి ఇంత దూరం వచ్చారా?" ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "రాత్రంతా దీన్ని చేతిలో పట్టుకునే కూర్చున్నాను. పిడి మీద మీ బొటనవేలి పల్లం ఉంది. నా వేలు అందులో పెడితే, ఎంత వంచాలో అదే చెబుతోంది."

తొకుజో నోరు తెరిచాడు. అవతల కొండ మలుపులో రైలు కూత వేసింది. ఇప్పుడే అడగాలి, ఇప్పుడు కాకపోతే లేదు. చిదా వాళ్ళ మూడేళ్ళ కర్ర కళ్ళ ముందు మెదిలింది. ఆ అమ్మాయి చంకలోని గుడ్డ మూట కూడా మెదిలింది, దాన్ని ఆమె పట్టుకున్న తీరుతో సహా.

"ఒక్క నిమిషం" అని వెనక్కి తిరిగి, ప్లాట్‌ఫారం మీది కొట్టుకు పరుగెత్తి, చెస్ట్‌నట్ మిఠాయి ఉండలు ఒక పెట్టె కొనుక్కొచ్చి రైలు తలుపు మూసుకుంటుండగా లోపలికి అందించాడు. "దారిలో తిను. ఇవాళే తినెయ్యాలి. రేపటికి గట్టిపడతాయి."

రైలు వెళ్ళిపోయింది. తొకుజో బెంచీ మీద కూర్చున్నాడు. కోసాకు ఇంటికి వెళ్ళి తల వంచుకుని ఏం చెప్పాలో ఆలోచించాడు. అరవై ఒక్క ఏళ్ళలో ఒక్క బొమ్మకూ 'అవలేదు' అని చెప్పి ఎరగడు. ఆ మాట ఎలా మొదలవుతుందో కూడా ఆయనకు తెలియదు.

ఇంటికొచ్చేసరికి కొలిమి గదిలో చీకటి. మిత్సుయో కిటికీలకు చెక్కలు మూసేసింది. కొలిమిలో కొత్త బొగ్గులు పోసి, తిత్తి పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"సిగరెట్లు దొరికాయా?"

"మానేశాను."

"ఉలి?"

తొకుజో తల అడ్డంగా ఊపాడు. తర్వాత ఆయన, గోడతో చెబుతున్నట్టు, "నాకు మంట రంగు కనబడటం లేదే" అన్నాడు.

"తెలుసులే."

"ఎప్పటినుంచి?"

"పోయిన చలికాలం నుంచి. మిసో చారులో ముల్లంగి ఏదో టోఫూ ఏదో తెలియక తడుముకుంటావు చూడు, అప్పటినుంచి. నువ్వు చెప్పేదాకా చూద్దామనుకున్నా. చెప్పకుండా దీన్నీ పాడుచేస్తావని, నువ్వు బయటికెళ్ళగానే ఆ మిగిలిన ఉక్కు ముక్క తీసి దగ్గర పెట్టుకున్నా. బొమ్మలకు చామంతులు వేసేది ఎవరు? నేను. రంగులు ఎవరికి తెలుసు? రా, కూర్చో."

తొకుజో చివరి ముక్కను బొగ్గుల్లో పెట్టి, సాగగొట్టాడు, వంచాడు. అక్కడిదాకా చేతులకే తెలుసు. మూడోసారి కాల్చేటప్పుడు మాత్రం పట్టకారు పట్టుకుని మెడ తిప్పి ఆమె వైపు చూశాడు. "పండిన కమలాపండు రంగు రావాలి, ఆగు, కాదు. పెర్సిమన్ పండు రంగు."

"ఏ పండు? పచ్చిగా ఉన్నప్పుడా, ఎండబెట్టినప్పుడా?"

"చెట్టు మీదది!"

"ఏ చెట్టు? బడి దగ్గరిది ఎర్రగా పండుతుంది, గుడి వెనకది నారింజగా ఉంటుంది."

"ఒసేయ్, ఉక్కు కాలిపోతోంది!"

"అరవకు, చేతులు ఊగుతాయి. ఏ చెట్టో చెప్పు."

తొకుజో కళ్ళు మూసుకున్నాడు. తండ్రి పక్కన మొదటిసారి కూర్చున్ననాటి మంట గుర్తు చేసుకున్నాడు. "గుడి వెనకది. అక్టోబరు ఆఖర్లో, కాకులు పొడవడానికి ముందు."

తిత్తి రెండుసార్లు ఊదింది. మిత్సుయో ముందుకు వంగింది. నుదుటి మీద చెమట కంట్లోకి దిగుతున్నా రెప్ప వెయ్యలేదు. "ఇంకా బడి చెట్టే... బడి చెట్టే... కొంచెం... ఇప్పుడు!"

ఆమె నోట ఆ మాట పూర్తి కాకముందే ఉక్కు నీళ్ళలో ఉంది. బుస్సుమంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి ఆ బుస్సు అడుగున ఇంకో చప్పుడు కోసం విన్నారు. నీళ్ళు చల్లబడి నిశ్శబ్దమయ్యేదాకా విన్నారు. ఏమీ లేదు. తొకుజో వేలితో తడిమాడు, తర్వాత ఆమె వేలు తీసుకుని వంకీ మెడ మీద పెట్టాడు. ఆమె కూడా తడిమి, "నునుపు" అంది.

దాన్ని మళ్ళీ సన్నసెగన కొంచెం మెత్తబరిచి, సాన పట్టి, పిడి తొడిగేసరికి నాలుగయింది. మెడగుంటకు చూపు అక్కర్లేదు. గుంటలో ఏముందో ఏ కళ్ళకూ కనబడదు, ఉలి చెప్పేది చెయ్యి వింటుందంతే. గుంట లోపల వెడల్పయింది. ఇప్పుడు తల బిగించాలి. తరిణె మీద ఒళ్ళు గిర్రున తిరుగుతుండగా తలను రెండు చేతులా పట్టి గుంటలోకి నొక్కాలి. తక్కువ నొక్కితే దిగదు. ఎక్కువ నొక్కితే మూతి చీలుతుంది.

తొకుజో నొక్కాడు. కర్ర కీచుమంది, కాలిన వాసన వచ్చింది, మెడ చుట్టూ సన్నగా పొగ లేచింది. ఇంకా దిగలేదు. ఆయన పళ్ళు కరిచి, భుజం బరువంతా వేసి, ఇంకొక్క వెంట్రుకంత.

టక్.

తరిణె ఆగింది. మిత్సుయో దీపం దగ్గరగా పట్టుకుని మెడ చుట్టూ చూసింది, ఆయన అడక్కుండానే. "ఎక్కడా చీలలేదు" అంది. తొకుజో నేల మీద చతికిలబడ్డాడు.

బొమ్మను ఒళ్ళో పెట్టుకుని ఆమె ఎర్ర రంగు గిన్నె దగ్గరకు లాక్కుంది. కుంచె ముంచబోతూ, "రేపు చిదా వాళ్ళింట్లో దీన్ని ఇచ్చేసి, అట్నుంచటే పట్నంలో కంటి డాక్టరు దగ్గరికి" అంది.

"డాక్టరెందుకు? ముప్ఫై వేల బొమ్మలు తీశాను, మూడుసార్లు మొదటి..."

"వెళ్దామా వద్దా అని దీన్నే అడుగుదాం."

ఆమె బొమ్మ తల పట్టుకుని ఒక్క తిప్పు తిప్పింది. అది వీధి చివరిదాకా వినబడేలా కీచుమంది.

"విన్నావుగా" అంది మిత్సుయో.

తొకుజో లేచి కొత్త ఉలిని గోడనున్న వరసలో పెట్టాడు. ఆ తర్వాత, "ఎన్నింటి బస్సుకి?" అని అడిగాడు.