పెద్దత్త పెట్టించిన జనరేటర్

మా పెద్దత్త పోయింది. పోయిన వారం ఖానాపూర్ నుంచి ఆమె కొడుకు, మా బావ ఫోన్ చేసి, "అవ్వ ఇగ లేదు, నిద్రల్నే పోయింది" అన్నాడు. తన అక్క పోయిందన్న మాట బాపుకు చెప్పాల్సిన పని నా మీద పడింది. ఆక్సిజన్ మిషన్ పక్కన మంచంలో కూర్చున్న బాపు ముక్కుకున్న పైపు తీసి, "ఎవరు, అక్కనా?" అని అడిగాడు. పైపు మళ్లీ నేనే పెట్టాను. ఖానాపూర్ దాకా ప్రయాణం చేసే ఓపిక ఆయనకు లేదు. అక్కను కడసారి ఫోన్‌లోనే చూసుకున్నాడు.

పోయినవాళ్ల గురించి మంచితనంతో మొదలుపెట్టాలంటారు. మా పెద్దత్త విషయంలో నోటితో మొదలుపెట్టాలి. ఆ నోటికి జడిసి కూరగాయల బండి ఆయన తూకం అయిపోయాక ఇంకో నాలుగు మిరపకాయలు వేసేవాడు. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే ముందు తిట్టేది, తర్వాత జావ కాచేది. "తిట్టినంక తాగితె ఒంటికి పడ్తది" అనేది. స్విచ్ ముట్టుకునే ముందు చెయ్యి కొంగుకు తుడుచుకోవడం ఆమెకు అలవాటు. టీవీ రిమోట్ తీసుకునేటప్పుడు కూడా తుడుచుకునేది. మేం నవ్వితే, "నవ్వుండ్రి నవ్వుండ్రి, పండ్లు మంచిగున్నయి గదా" అనేది.

బాపు బొగ్గు బాయిలో పనిచేసిన మనిషి. రిటైరయ్యాక ఊపిరితిత్తులు మొరాయించాయి. అప్పటినుంచి ఈ మిషనే ఆయనకు దిక్కు, దానికి కరెంటు దిక్కు. మా నస్పూర్‌లో ఎండాకాలం చివర గాలిదుమారం లేస్తే కరెంటు ముందు పోతుంది, వాన తర్వాత వస్తుంది. మిషన్ ఆగి కూతపెట్టగానే చిన్న సిలిండర్ తగిలించి, అది అయిపోయేలోపు కరెంటు రావాలని దండాలు పెట్టుకునేవాళ్లం. ఈ సంగతి తెలిసి పెద్దత్త ఒక సంచితో దిగింది. "గీ పరేషాన్ ఎన్నొద్దులు? జనరేటర్ తెప్పియ్యి. పెట్టేటోణ్ణి నేను జూస్త" అంది.

చూడటమంటే మామూలుగా కాదు, పెండ్లిచూపులే. మొదట వచ్చిన ఎలక్ట్రీషియన్ ఫోన్‌లో మాట్లాడుతూనే బోర్డు విప్పబోయాడు. "ముందుగాల నీ ముచ్చట ఒడగొట్టుకో బిడ్డా, మీ ఇంటికాడ" అని పంపేసింది. రెండో అతను వస్తూనే మెయిన్ ఎక్కడుందని అడిగాడు. అతనికి చాయ్ దొరికింది. అంటే సంబంధం కుదిరినట్టే.

అయినా పని సాఫీగా సాగలేదు. కిటికీ కింద పెడితే పొగ తమ్ముడి మీదికి పోతుందని జనరేటర్‌ను పెరట్లో జామచెట్టు దాకా మోయించింది. అతను అక్కడినుంచి వైరు లాగి ఇంటి బోర్డుకు కలపబోతూ, "బయటి లైను తెంపి జనరేటర్‌కు మార్చే చేంజోవర్ స్విచ్ దుకాణంల దొరకలే పెద్దమ్మా. ఇయ్యాల గిట్లనే కలుపుత, రేపు తెచ్చి పెడ్త. కరెంటు పోంగనే మీరు మెయిన్ బంద్ చేసి జనరేటర్ నడిపిస్తె సాలు" అన్నాడు.

పెద్దత్త లేచి బోర్డుకు అడ్డంగా నిలబడింది.

"ఎవరన్న మెయిన్ బంద్ చేసుడు మర్సిపోతె?"

"మర్సిపోరు పెద్దమ్మా."

"మర్సిపోతె గీ కరెంటు యాడికి పోతది?"

అతను చేతిలోని వైరు కొసను కిందికి దించాడు.

"బయటి తీగెలకు పోతది. గప్పుడు పోలు మీద మనిషుంటడు. కరెంటు లేదనుకొని తీగె పట్టుకుంటడు."

బయట మబ్బు కమ్ముతోంది. నాకు ఒళ్లు మండింది. "అత్తా, మరి బాపు సంగతేంది? గాలి లేస్తుంది, కనబడ్తలేదా?" అన్నాను.

"వాణ్ణి నువ్వు పుట్టకముందునుంచి ఎత్తుకున్నదాన్ని, నాకు జెప్తవా?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "మీ మామ చెయ్యి పుట్టుకతోని గట్ల లేకుండె" అంది.

మా పెద్దమామ లైన్‌మన్‌గా చేసేవాడు. ఆయన కుడిచేతి వేళ్లు ముడుచుకునేవి కావు. పెద్దత్త అన్నం కలిపి ముద్దలు పెడుతుంటే, ముసలి వయసులో గారాబమేమిటని మేం ఆటపట్టించేవాళ్లం. ఆ మధ్యాహ్నం మొదటిసారి అసలు సంగతి చెప్పింది. లైను బంద్ చేయించి పోలెక్కితే, ఎవరిదో పెండ్లింటి జనరేటర్ తీగెలోకి కరెంటు పంపిందట. "ఆ ఇంటోళ్లు చెడ్డోళ్లు కాదు. దవాఖానకు తోల్కపోయింది గూడ వాళ్లే. వాళ్లకు ఎరుక లేకుండె, అంతే" అంది. కోపం లేకుండా ఆమె మాట్లాడగా నేను విన్నది అదొక్కసారే.

ఎలక్ట్రీషియన్ తల గోక్కున్నాడు. "బోర్డును ముట్ట పెద్దమ్మా. మిషన్ ఒక్కదానికి జనరేటర్ నుంచి సీదా వైరేస్త. లైట్లు, ఫ్యాన్లు స్విచ్ దొరికినంక జూద్దం" అన్నాడు.

"గట్లనే చెయ్యి. మేం ఇసనకర్రతోని ఇసురుకుంటం" అంది.

జామచెట్టు నుంచి పొడుగు వైరు కిటికీలోంచి బాపు మంచం దాకా వచ్చింది. అతను స్విచ్ కోసం మంచిర్యాలకు బయలుదేరాడు. తర్వాత తెచ్చి బిగించిన ఆ స్విచ్ ఇప్పటికీ చక్కగా పనిచేస్తోంది. కరెంటు పోయినా బాపు ఊపిరికి ఇప్పుడు భయం లేదు. ఆమె రుణం నేను తీర్చుకోలేను. కానీ పెద్దత్త అనగానే నాకు గుర్తొచ్చేది అతను స్విచ్ తేకముందు, ఆ మధ్యాహ్నం జరిగిందే.

అతను సందు మలుపు తిరిగాడో లేదో గాలి లేచింది, కరెంటు పోయింది. నేను పెరట్లోకి ఉరికి జనరేటర్ తాడు లాగాను. పెద్దత్త మిషన్ ప్లగ్గు మార్చింది. మేం చెమటలు కక్కుతున్నాం గానీ, బాపు కళ్లు మూసుకుని నిదానంగా ఊపిరి తీస్తున్నాడు.

వాన తగ్గాక చూస్తే పెద్దత్త ఇంట్లో లేదు. వీధిలో లైన్‌మన్ పోలెక్కి ఉన్నాడు. ఆమె కొంచెం ఎడంగా, చినుకుల్లో, చాయ్ గ్లాసు మీద సాసర్ బోర్లించి పట్టుకుని నిలబడింది. మా పెరట్లోంచి జనరేటర్ మోత వీధంతా వినిపిస్తోంది. అతను తీగె వైపు చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని కిందికి అరిచాడు.

"గా జనరేటర్ ఎవలిదమ్మా?"

"మాదే బిడ్డా. తీగెకు కలపలే. నిమ్మలంగ చేసుకో, మాకు తొందర లేదు."

అతను ఒక్క క్షణం ఆమె వైపు చూసి, తీగె పట్టుకున్నాడు. ఆమె మెడ పైకెత్తి, చల్లారిపోతున్న చాయ్‌తో, అతని రెండు కాళ్లూ నేలకు ఆనేదాకా అక్కడినుంచి కదలలేదు.