దర్శి వాగులో పీచు దారి

ఉదయం ఆరుంపావుకు గుంటూరు బస్టాండులో దర్శి బస్సెక్కాను. మా కాలేజీ సివిల్ ల్యాబులో ఇసుకకు పీచు కలిపి బలం పరీక్షించడం నాకు పదేళ్ల అలవాటు. ల్యాబు డబ్బాలో నిలిచిన ఇసుక వాగులో నిలుస్తుందా అన్నది ఆ రోజు తేలాలి.

కాళ్ల దగ్గరున్న ప్లాస్టిక్ పోగుల మూటను కండక్టరు నొక్కి చూశాడు. "ఏంటండీ, దిండ్లలోకా?"

"ఇసుకలోకండీ" అన్నాను. నన్ను ఎగాదిగా చూసి వెళ్లిపోయాడు.

చిలకలూరిపేటలో ఇడ్లీ, అద్దంకిలో టీ. పదింటికి దర్శిలో దిగి, ఆటోలో అరగంట వెళ్తే ఖాసిం గారి ఊరు. మా కాలేజీలో చదివిన అబ్బాయికి మేనమామ ఆయన. మిర్చి చేను ఎండిన వాగుకు అవతల. ఏటా ట్రాక్టరు ఇసుకలో దిగబడడం, మిర్చి మూటలు నెత్తిన మోసుకురావడం. కిందటేడు ఆయన భార్య మస్తానమ్మ గారు మూటతో పడి మోకాలు నొప్పి తెచ్చుకున్నారు. ఈసారీ మోయాల్సొస్తే చేను కౌలుకిచ్చేద్దామని తేల్చి చెప్పారట. అందుకే నాకు ఫోనొచ్చింది.

పని తేలికే. మట్టిగోడకు గడ్డి కలిపినట్టు, ఇసుకలో తరిగిన పీచు కలిపి, తడిపి, దిమ్మిసతో కొడితే బండి దిగబడని గట్టి దారి అవుతుంది. చెమ్మ ఉన్నచోట కుళ్లని ప్లాస్టిక్ పోగులు, పొడిగా ఉన్నచోట కొబ్బరి పీచు.

ఊళ్లో తెప్పించి ఉంచిన కొబ్బరి పీచు సగం దారికే సరిపోయింది. ఖాసిం గారు మిగతా సగానికి పాత గోనెసంచులు తరిగించి ఉంచారు. "పీచు పీచే కదా మేడం!" అన్నారు. నేనూ తలూపాను. ఆ ఊళ్లో సంచంటేనే మిర్చి సంచి అన్న సంగతి నాకు తట్టలేదు. పారతో కలపగానే ఘాటు లేచింది. పనివాళ్లతో కలిపి ఆరుగురం కళ్లనీళ్లు పెట్టుకుని తుమ్ములే తుమ్ములు.

"దులిపి కొయ్యాలని తెలీదా, మీకేమన్నా మతుందా?" అని మస్తానమ్మ గారు భర్తను కడిగేస్తూ మధ్యలో మూడుసార్లు తుమ్మారు. నవ్వాగక నేను ఇసుకలో కూలబడ్డాను.

మూడున్నరకు అవతలి చేలో మిర్చి బస్తాలు నింపుకుని ట్రాక్టరు వాగు దగ్గరికి వచ్చి ఆగింది. "దిగబడితే నన్ననొద్దు" అన్నాడు డ్రైవరు. మస్తానమ్మ గారు ట్రక్కెక్కి బస్తాల మీద కూర్చున్నారు. "పోనియ్‌రా!"

పీచు దారి మీద టైర్ల అచ్చులు పడ్డాయి, అంతే. బండి గట్టెక్కగానే ఖాసిం గారు తలగుడ్డ గాల్లోకి విసిరారు. నాకు ఏడుపొచ్చింది, మిర్చి వల్ల కాదు.

ఐదున్నర బస్సులో పొద్దుటి కండక్టరే. టికెట్ ఇవ్వబోతూ నా చీర దగ్గర గట్టిగా తుమ్మాడు. గోనె పీచు రెండు మూడేళ్లకు చివికిపోతుంది, మళ్లీ కలపాల్సిందే. అయినా నాకు ఆ దారి తలుచుకుంటే భలే ముచ్చటేసింది. చూడ్డానికి వెళ్లేవాళ్లు రుమాలు మరవకండి.

అద్దంకి దాటుతుండగా ఖాసిం గారి ఫోను. "మూడో ట్రిప్పు కూడా దాటింది మేడం! ఈవిడే బస్తాల మీంచి దిగనంటోంది."

వెనకనుంచి మస్తానమ్మ గారి గొంతు వినిపించింది. "కిందటేడు బస్తాల్ని నేను మోశా. ఈ ఏడు అవి నన్ను మొయ్యనీ!"