మొప్పల్లో ఉప్పు, చెవి వెనక క్రీము

ఎండ లేకపోతే మాకు పూట గడవదు. జువ్వలదిన్నె ఇసుకలో చేపలకు ఉప్పు పట్టించి ఎండబెట్టి అమ్మడం నా పని. అలాంటిది, ఆ వేసవిలో ఎండే నాకు పడకుండా పోయింది. బుగ్గల నిండా ఎర్రటి దద్దుర్లు, ఒకటే మంట. నెల్లూరులో డాక్టరమ్మ చూసి సన్‌స్క్రీన్ రాసిచ్చింది. దానికీ తగ్గకపోతే ఎండలో పని మానుకోవాల్సిందేనంది. మానుకుని ఏం చేయాలి, నీడలో చేపలు ఎండబెట్టాలా? ఆమె ముందు నోరెత్తలేదు గానీ, బస్సు దిగేదాకా తిట్టుకుంటూనే ఉన్నాను.

క్రీము మాత్రం భక్తిగా పూసుకున్నాను. తెల్లవారకముందే, శనగగింజంత, ముక్కుకూ బుగ్గలకూ. ఆ తర్వాత చెమట పట్టినప్పుడల్లా కొంగుతో రుద్ది తుడిచేదాన్ని. ఆ నెలంతా ఎండ దెబ్బ తగలనిది నా కొంగు ఒక్కదానికే.

నెల తిరిగేసరికి దద్దుర్లు మెడ మీదికి దిగాయి. ఎంత పూస్తున్నావని డాక్టరమ్మ అడిగితే వేలికొన చూపించాను. ఆమె తన రెండు వేళ్లు చాచి, వాటి పొడవునా క్రీము పిండి చూపించింది. మొహం, చెవులు, మెడ, ఏదీ వదలకూడదట. ఎండలోకి వెళ్లడానికి పావుగంట ముందు పూసుకోవాలట. రెండు గంటలకోసారి మళ్లీ, చెమట తుడుచుకుంటే అప్పుడే మళ్లీ. ఇంకొక్క నెల చూద్దామంది. నాకు భయం పట్టుకుంది.

ఇంటికొచ్చి చెబితే మా అత్త పడీ పడీ నవ్వింది. నలభై ఏళ్లు అదే ఇసుకలో నిలబడిన మనిషి. మొప్పల సందుల్లో ఉప్పు అందలేదని గంపెడు చేపలూ నాచేత మళ్లీ చేయించే రకం. మర్నాడు నేను పూసుకుంటుంటే వచ్చి, గడ్డం పట్టుకుని నా మొహాన్ని అటూ ఇటూ తిప్పింది. చేపను కూడా అలాగే చూస్తుంది.

"చెవి ఎనక ఎవురు పూస్తారే? మొప్పల్లో ఉప్పెయ్యకుంటే చేప ఏమైద్దో నీకు నేను చెప్పాల్నా?"

ఇక ఆ రోజు నుంచి ఆమెదే కాపలా. చేపలు తిరగేసే వేళకల్లా కేక వినపడేది.

"చేపల్ని తిరగేసినావు సరే, మొహానికి పూసినావా?"

అది ఊరంతా వినేది. సిగ్గుతో చచ్చేదాన్ని, కానీ పూసుకునేదాన్ని.

నెలాఖరుకు మంట తగ్గింది. డాక్టరమ్మ పని మానక్కర్లేదంది. సంతోషం పట్టలేక ఇంటికి పరుగున వచ్చి చెప్పాను. మర్నాడు నేను ట్యూబు మూత తీసేసరికి అత్త పక్కన వచ్చి కూర్చుని, ముడతలు పడిన రెండు వేళ్లు చాచింది.

"పిండవే. నలభై ఏళ్లుగా ఎండినాను, ఇంక చాల్లే."