సూర్యుడి రేణువులూ, సాల్మన్ మేస్టారి బెల్లమూ

మొన్న కొత్త బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే చివర్న నాలుకకి ఉప్పు తగిలింది. కొట్టువాడితో తగువు పెట్టుకోవలసినదాన్ని, నవ్వేశాను. నన్నెరిగినవాళ్ళకి అది వింతే. నాకు సాల్మన్ మేస్టారు గుర్తొచ్చారు.

తొంభైల చివర్లో నర్సీపట్నంలో నేను డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నప్పుడు ఆయన మాకు ఫిజిక్సు చెప్పేవారు. పొట్టి మనిషి, ఆదివారం చర్చిలో పాడే గొంతుతోనే సోమవారం సూత్రాలు చెప్పేవారు. విశాఖలో జరిగే విద్యార్థుల సదస్సుకి మా కాలేజీ నుంచి ఒక్కరినే పంపుతారు, ఆ పేరు చెప్పేది ఆయనే. ఆ ఒక్కరూ నేనే కావాలని నా పట్టు. అంతలో ఆయన క్లాసులో, సూర్యుడి నుంచి దూసుకొచ్చే శక్తిమంతమైన రేణువులన్నీ సూర్యజ్వాలల్లోనే పుడతాయన్నారు. నేను లేచాను.

"అది పాత మాటండీ. సూర్యుడు విసిరే ప్లాస్మా మేఘాలున్నాయి కదా, వాటి ముందు నడిచే షాక్ తరంగమే ఈ రేణువులన్నిటినీ తోస్తుంది."

"నీకెలా తెలుసమ్మా? సూర్యుడు ఉత్తరం రాసేడా?"

"పత్రికలో చదివానండీ."

"పత్రికోడికెవుడు సెప్పేడు?"

క్లాసంతా గొల్లుమంది. ఆ వారమంతా ఆయనతో వాదిస్తూనే ఉన్నాను. చివరికి ఆదివారం ఇంటికి రమ్మన్నారు. వాళ్ళావిడ రెండు పళ్ళేల్లో బెల్లం పెట్టింది. ఒకటి కొండల పక్క గొలుగొండది, ఒకటి సముద్రం పక్క ఉప్పునేలది. ఏది ఎక్కడిదో చెప్పమన్నారు మేస్టారు.

"రెండూ తియ్యగానే ఉన్నాయండీ."

"తీపి అన్నిట్లోనూ ఉంటాదే! తీపి ఒగ్గీసి మిగిలింది సూడు."

మళ్ళీ రుచి చూశాను. ఒకదాంట్లో సన్నగా ఉప్పు. అప్పుడాయన ఎవరినో అడిగి తెప్పించిన ఒక జిరాక్సు కాగితం నా ముందు పెట్టారు. అందులో ఉన్నదిదీ: సూర్యుడి నుంచి వచ్చే రేణువుల్లో ఎక్కువ భాగం ప్రోటాన్లే. అవి పుట్టుక చెప్పవు. చిటికెడే ఉండే హీలియం, ఇనుము చెబుతాయి. కాసేపే సాగే చిన్న విస్ఫోటాల్లో ఇనుమూ, తేలికరకం హీలియమూ మామూలుకంటే చాలా ఎక్కువ. అవి జ్వాలల బిడ్డలు. రోజులతరబడి కురిసే పెద్దవాటిలో పాళ్ళు దాదాపు సూర్యుడి పైపొరలో ఉన్నట్టే ఉంటాయి. అవి షాక్ తోసినవి.

"నాదీ సగవే, నీదీ సగవే," అన్నారు. "రేపు క్లాసులో ఇద్దరం ఒప్పుకుందాం. నువ్వొప్పుకుంటేనే ఇశాపట్నం."

అందరి ముందూ తప్పు ఒప్పుకోవడం కంటే సదస్సు మానేయడమే నయమనిపించింది ఆ పూట.

సోమవారం ఆయనే ముందు నిలబడ్డారు. "ఇన్నేళ్ళూ సగం పాఠవే సెప్పేను. తప్పు నాది," అని బోర్డు తుడిచి, వెళ్ళి ఆఖరి బెంచీలో కూర్చున్నారు. అందరూ నావైపు తిరిగారు. లేచాను.

"నేను చెప్పింది తప్పే, కానీ..."

"కానీ తరవాత," వెనకనుంచి అరిచారు. "ముందు తప్పు పూర్తిగా సెప్పు!"

చెప్పాను. విశాఖ వెళ్ళాను. అక్కడి పోటీలో బహుమతి రాలేదు. ఉత్త చేతులతో తిరిగొచ్చి, జడ్జీలకేం తెలీదని మేస్టారితో గంటసేపు వాదించాను. ఆయన హాయిగా విన్నారు.

తరవాత నేనూ టీచర్నయ్యాను. నోరేం తగ్గలేదు, మా ఆయన్ని అడగండి. పోయినవారం తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె లేచి, బోర్డు మీద నా లెక్క తప్పంది. చూశాను, తప్పే. నాలుక చివరిదాకా వచ్చిన 'కానీ'ని మింగి, నాదే తప్పన్నాను. అది కూర్చుంటేనా!

"ఇంకోటి కూడా ఉంది మేడం," అంది.

ఒళ్ళు మండింది. "ఊఁ, సెప్పు," అన్నాను.