మేళం వైపు మనిషి

ఆ రోజుల్లో నాది ఒంటరితనమని నాకు తెలియదు. హోసూరులో ఉద్యోగమంటే ఇలాగే ఉంటుంది కాబోలు అనుకునేవాణ్ణి. వేప్పనపల్లి దగ్గరి మామిడితోట వదిలి ఫ్యాక్టరీలో చేరిన కొత్త. మేడమీద ఒంటి గది. డ్యూటీ అయ్యాక నాతో మాట్లాడేది మెస్సు అమ్మ ఒక్కతే, అదీ "ఇంగొక ఇడ్లీ పెట్టేదా?" అని. (ఆ మాట కోసం ఆకలి లేకపోయినా సరేననేవాణ్ణి. ఆ ఏడాది బాగా లావయ్యాను.) గదికొచ్చి ఫోనులో నాదస్వరం పెట్టుకునేవాణ్ణి. వాయించేది కుప్పం వైపు విద్వాంసుడు, నా మనసులో ఆయన పేరు పెద్దాయన. ఆయన హిందోళం ఎత్తుకుంటే గదిలో ఇంకో మనిషి ఉన్నట్టుండేది. ఒక్కసారి ఆయన్ని ఎదురుగా కూర్చుని వినాలి, మీరే నాకు తోడని చెప్పాలి. అంతకు మించి కోరికలేవీ ఉండేవి కావు.

ఒక ఆదివారం కల్యాణమండపం ముందు బ్యానర్‌లో వధూవరుల కింద ఆయన ఫోటో కనబడింది. సాయంత్రం రిసెప్షన్‌లో కచేరీ. పెళ్లి ఎవరిదో తెలియదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. గుమ్మంలో పన్నీరు చల్లుతున్న ఒకాయన "ఎవరి వైపప్పా?" అని అడిగాడు. నేను లోపలికి చెయ్యి చూపించాను. ఏ పెళ్లిలోనైనా రెండు వైపులవాళ్లూ లోపలే ఉంటారు కనుక ఆయన తృప్తిపడి మరో రెండు చుక్కలు చల్లాడు.

తిన్నగా వెళ్లి మేళం ముందు వరుసలో కూర్చున్నాను. మా వైపు పెళ్లిళ్లలో అక్కడ ఊరికే కూర్చునేవాడు ఉండడు. వచ్చినవాళ్లు ఫోటో దిగుతారు, భోజనానికి పోతారు. మేళంవాళ్ల మంచిచెడ్డలు చూడమని ఇంటివాళ్లు ఒక మనిషిని మాత్రం అక్కడ కూర్చోబెడతారు. ఈ సంగతి చిన్నప్పటినుంచీ తెలిసిందే, ఆ వేళకు గుర్తు రాలేదు. పెద్దాయన చెయ్యి చాపితే అందేంత దగ్గర ఉన్నాడు. నాదస్వరం పెదాలదాకా తెచ్చి, నన్ను చూసి, దించి, "ఏమప్పా, కాఫీకి చెప్పినావా?" అన్నాడు.

నేను ఆ మనిషిని కానని చెప్పాల్సింది. కానీ పెద్దాయన నాతో మాట్లాడాడు. లేచి వంటశాలకు పరుగెత్తాను. కాఫీతో వచ్చేసరికి వర్ణం అయిపోయింది. "నాకు చక్కెర లేకుండా కావల్లప్పా" అన్నాడు డోలు వాయించే ఆయన. అది తెచ్చేసరికి ఒక కీర్తన పోయింది. ఫ్యాను ఇటు తిప్పమన్నారు, మైకతన్ని పిలుచుకురమ్మన్నారు. చివరికి హిందోళం మొదలయ్యేసరికి నేను వంటశాలలో చెంబు పట్టుకుని, వాళ్లకు వేడినీళ్ల కోసం నిలబడి ఉన్నాను. సాంబారు గంగాళాల చప్పుడులో సగం వినబడింది, సగం వినబడలేదు. నా గదిలో ఫోనే నయం. నా మీద నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది.

తిరిగొచ్చేసరికి జనమంతా భోజనాల దగ్గరికి పోయారు, డోలు ఆయనతో సహా. ఖాళీ కుర్చీల ముందు పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. నీళ్లు తాగి, "పెండ్లికూతురికి ఏమయితావప్పా?" అన్నాడు.

"ఏమీ కాను సామీ. పెండ్లికొడుక్కీ ఏమీ కాను. మీరు వాయిస్తారని వచ్చినాను. ఈ ఊర్లో నాకెవురూ లేరు, రూములో మీ నాదస్వరమే తోడు."

ఆయన చెంబు కింద పెట్టాడు. "మరి కాఫీలెందుకు మోసినావప్పా?"

"మీరు అడిగినారు గదా సామీ."

"ఏం విన్నావు?"

"హిందోళం సగం. వంటింట్లో నుంచి."

"ఈడ కూర్చో. ఇంగ లేచినావంటే ఒప్పుకోను" అంటూ పక్క కుర్చీ చూపించాడు. డోలు లేదు, మైకు లేదు, శ్రుతిపెట్టె ఒక్కటే. హిందోళం మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. స్వరానికీ స్వరానికీ మధ్య ఆయన ఊపిరి తీసుకోవడం వినబడింది. ఫోనులో అది ఎప్పుడూ వినబడలేదు. ఖాళీ కుర్చీలకు వాయించడం ఆయనకు ఎంత అలవాటో అప్పుడు తెలిసింది. నేను ఏడ్చాను. ఆయన చూడనట్టే వాయించాడు.

ఇప్పుడు నాకు హోసూరులో సొంత ఇల్లుంది, సంసారముంది. అయినా ఏ పెళ్లికి వెళ్లినా ముందు మేళానికి కాఫీలు పురమాయించి, ఆ తర్వాతే మొదటి వరుసలో కూర్చుంటాను. మొన్న కృష్ణగిరిలో ఎవరో "ఎవరి వైపప్పా?" అంటే "మేళం వైపు" అన్నాను. పక్క కుర్చీ మీద చేతిరుమాలు వేసి ఉంచుతాను, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎవడైనా ఒంటరిగా వస్తాడేమోనని. ఇంతవరకు మా ఆవిడ తప్ప ఎవరూ రాలేదు. ఆమె కూడా భోజనానికి లేవమని చెప్పడానికే వస్తుంది.